పరిశీలకుడి భార్య

"నదిని చూసే కళ్ళతో కాస్త నన్ను కూడా చూడవే తల్లీ," అంది అత్తగారు మంచం మీంచి.

అందులో ఎత్తిపొడుపు సగమే. మిగతా సగం నిజంగానే బతిమాలుకోవడం. తుంటి ఎముక విరిగి ఏడు వారాలుగా మంచానికే అతుక్కుపోయిన మనిషి. పక్కబట్ట తడిసి చాలాసేపయింది, తడిసిందని చెప్పడానికి సిగ్గు. కోడలేమో వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని, వానలో కనబడీ కనబడని వంతెన స్తంభం మీద గీతలు లెక్కపెడుతోంది. "వస్తున్నానత్తయ్యా" అంది గానీ కాళ్ళు కదల్లేదు. నిన్న చీకటి పడే వేళకి మూడు మీటర్ల అరవై దగ్గరున్న నీళ్ళు ఇప్పుడు నాలుగో అంకెని మింగేశాయి, అయిదో అంకెనీ మింగేశాయి. గోడ గడియారంలో ఆరు. నది అయిదు మీటర్ల ఎనభై.

ఆ ఇల్లు నీటిశాఖ వాళ్ళది. వంతెనకి కూతవేటు దూరంలో, గట్టు మీద, రెండు గదులూ ఒక వంటిల్లూ. భర్త ఉద్యోగం పేరు నీటిమట్టం పరిశీలకుడు. రోజుకి మూడుసార్లు స్తంభం మీద గీసిన స్కేలు చూసి, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో రిజిస్టరులో రాయాలి, ఫోన్లో చెప్పాలి. వానాకాలంలో అయితే గంటగంటకీ. ఉద్యోగం ఆయనదే గానీ పంతొమ్మిదేళ్ళుగా చూసేది ఆమె, రాసేది ఆమె. సంతకం మాత్రం ఆయన పెట్టేవాడు. వారానికోసారి, ఆదివారం భోజనమయ్యాక, ఇరవై ఒక్క గళ్ళలో వరసగా, కూనిరాగం తీసుకుంటూ. "నీ చూపు మంచిది, నాకు అంతదూరం ఆనదు" అనేవాడు కొత్తలో. తర్వాత్తర్వాత అదీ అనడం మానేశాడు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు రిజిస్టరులో అంకెలొచ్చేవి. కుళాయికి ఎవరు మాత్రం థాంక్స్ చెబుతారు?

చెడ్డవాడని అనడానికీ లేదు. చెయ్యెత్తడు, నోరు చేసుకోడు, తాగడు. నలుగురిలో "మా ఆవిడ లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదండీ" అంటాడు నవ్వుతూ. ఆ నవ్వే ఆమెకి అడ్డుగోడ. కొట్టేవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు, తిట్టేవాడికి ఎదురు చెప్పొచ్చు. నవ్వేవాణ్ణి ఏం చెయ్యాలి? ఒకసారి, "ఈ వారం సంతకం నేనే పెడతాను, పనెటూ నాదేగా" అంది ఊరికే. ఆయన పగలబడి నవ్వి వాళ్ళమ్మని పిలిచి మరీ చెప్పాడు: "విన్నావా, నీ కోడలు ఆఫీసరవుతుందట!" అత్తగారూ నవ్వింది. తనూ నవ్వింది, నవ్వకపోతే బావుండదని. ఆ నవ్వు మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆమె చెల్లెలొక్కతే నవ్వేది కాదు. చెల్లెలు నదికి దిగువన, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నంలో బట్టలు కుట్టేది. మొగుడితో పడక, రెండు చీరలూ ఒక మిషనూ పట్టుకుని వచ్చేసి, ఒడ్డుకి దగ్గర్లో పల్లపు వీధిలో చిన్న గది తీసుకుంది. ఆ గది ముందు బోర్డు మీద దాని పేరుంటుంది, ఎర్రటి అక్షరాల్లో, ఈ చివర్నించి ఆ చివరిదాకా. ఎప్పుడైనా వచ్చినప్పుడు రిజిస్టరు తిరగేసి, "రాత నీది, సంతకం బావది. పిల్లని నువ్వు కంటే బారసాల ఆయన చేయించుకున్నట్టుంది" అనేది. "ఊరుకోవే, వింటారు" అనేది ఆమె. "విననీ. విని ఏం చేస్తారు, స్కేలు చూడ్డం మానేస్తారా? మానేసిందెప్పుడో కదా!"

మూడేళ్ళ కిందట మెషిన్ వచ్చింది. నది పొడుగునా ఎనిమిది చోట్ల పెట్టారు అలాంటివి. ఒడ్డున బావిలాంటి లావు సిమెంటు గొట్టం, దాని అడుగున నదిలోకి ఒక పైపు. నదిలో నీళ్ళు ఎంతుంటే పైపులోంచి వచ్చి గొట్టంలోనూ అంతే ఉంటాయి. ఆ నీళ్ళ మీద ఒక డొల్ల బుర్ర తేలుతూ ఉంటుంది. అది పైకి లేచినా కిందికి దిగినా పైనున్న పెట్టెలో అంకె మారుతుంది, పది నిమిషాలకోసారి ఆ అంకె గాలిలో ప్రయాణం చేసి కంట్రోల్ రూముకి చేరుతుంది. ఆరు మీటర్లు దాటిందంటే మనిషి ప్రమేయం లేకుండా పట్నంలో సైరన్ మోగుతుంది. పరిశీలకుడు ఇక స్కేలు చూసి ఫోన్లు చెయ్యనక్కర్లేదు. మెషిన్ పెట్టిన ఆ స్టేషన్‌ని శుభ్రంగా ఉంచితే చాలు.

మెషిన్ మొదలుపెట్టిన రోజు ఇంజనీరు, ఇంకో నలుగురూ ఇంటికొచ్చారు. పదహారేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని ఇంజనీరు ముచ్చటపడిపోయాడు. "ఒక్క పూట ఖాళీ లేదయ్యా! ఒక్క కొట్టివేత లేదు! ఈ లెక్కల మీదే మెషిన్‌ని సరిచేశాం. ఒకరకంగా దీనికి గురువువి నువ్వే" అని భర్త భుజం తట్టి, ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం చేతికిచ్చాడు. ఆమె టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలో నించుంది. భర్త ఆమె వైపు చూశాడు. ఆ ఒక్క క్షణం, చెబుతాడేమో అనుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుంది. "టీ ఇవ్వు, చల్లారిపోతుంది" అన్నాడాయన. "టీ చాలా బావుందమ్మా" అన్నాడు ఇంజనీరు వెళ్ళేముందు, ఎంతో మర్యాదగా.

అయినా మెషిన్ మీద ఆమెకి కసి లేదు. ఇక వానాకాలంలో గంటకోసారి లేవనక్కర్లేదని హాయిగా ఊపిరి పీల్చుకుంది. తీరా చూస్తే ఆ మెషిన్‌కీ ఊడిగం చేసే మనిషి కావాలి. పైనున్న సోలార్ పలక తుడవాలి, పెట్టెలో సాలెగూళ్ళు తియ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, అడుగున పైపులో ఒండ్రు పేరుకోకుండా పదిహేను రోజులకోసారి చేతిపంపుతో నీళ్ళు కొట్టి కడగాలి. పైపు పూడితే నది ఎంత లేచినా గొట్టంలోకి నీళ్ళు రావు, మెషిన్ కళ్ళు తెరుచుకునే గుడ్డిదైపోతుంది. ఆ పనీ ఎవరి వాటాకొచ్చిందో వేరే చెప్పాలా? ఆమె కడిగేది, 'పైపు కడిగితిని' అని పెట్టెలో కార్డు మీద ఆయన సంతకం పెట్టేవాడు. ఏడు వారాల కిందట అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డప్పటినించీ ఆమెకి ఇల్లు కదలడం కుదర్లేదు. తినిపించాలి, తుడవాలి, పక్క మార్చాలి, ఒత్తుపుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. "ఏమండీ, పైపు కడగాలి" అంది ఒకసారి. "కడుగుతాలే." పది రోజులాగి, "మెషిన్‌లో అంకెకీ స్కేలుకీ రెండు వేళ్ళ తేడా వస్తోందండీ" అంది. "రెండు వేళ్ళకి ఆఫీసుకి చెబితే నవ్విపోతారు." ఆమె పని చెయ్యని ఆ ఏడు వారాల్లోనూ ఆయన సంతకం మాత్రం ఆగలేదు.

ఇదంతా ఆ పొద్దున కిటికీ దగ్గర నించున్నప్పుడు ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు తిరిగింది. గొడుగు తీసుకుని స్టేషన్ దగ్గరికి పరుగెత్తింది. పెట్టె తెరిచింది. ఎర్రటి అంకెలు ప్రశాంతంగా వెలుగుతున్నాయి: నాలుగు మీటర్ల పన్నెండు. బయట చెట్టు మొద్దులు కొట్టుకొస్తున్నాయి, నీళ్ళు మట్టిరంగు దాటి నల్లబడ్డాయి, వంతెన కింద ఆ హోరుకి కాళ్ళకింద గట్టు వణుకుతోంది. లోపల మాత్రం నాలుగు మీటర్ల పన్నెండు. పది నిమిషాలు నించుని చూసింది. అదే అంకె. ఎగువ స్టేషన్‌కీ వీళ్ళ స్టేషన్‌కీ మధ్య ఒక పెద్ద వాగొచ్చి నదిలో కలుస్తుంది. వాన అంతా ఆ వాగు మీదే పడి ఉండాలి. అంటే ఈ నీళ్ళ సంగతి ఎగువ మెషిన్‌కి తెలిసే వీల్లేదు. తెలియాల్సింది దీనికే. ఇదేమో నిద్రపోతోంది.

ఇంటికొచ్చేసరికి భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏమండీ, ఆరు మీటర్ల పది. మెషిన్ నాలుగు పన్నెండు దగ్గరే ఆగిపోయింది. పైపు పూడింది. ఆఫీసుకి ఫోన్ చెయ్యండి."

"చూద్దాంలే."

"చూడ్డానికేముంది? నేను చూసే వచ్చాను. పన్నెండు కిలోమీటర్లు, రెండున్నర గంటలు. ఆ తర్వాత పట్నంలో ఉంటాయి నీళ్ళు."

ఆయన రేజరు ఆపి అద్దంలోంచే ఆమెని చూశాడు. "పైపు పూడిందని చెప్పమంటావా? మొన్న ఒకటో తారీకున కడిగానని కార్డు మీద సంతకం ఉంది. నీకేం, నువ్వు ఇంట్లో కూర్చుంటావు. అక్కడ చేతులు కట్టుకుని నించోవలసింది నేను."

"జనం పోతారండీ!"

"నువ్వు ముందు అమ్మ పక్క మార్చు. మోకాలికీ బట్టతలకీ ముడిపెట్టకు. ఎనిమిది మెషిన్లూ, ఉపగ్రహాలూ పెట్టుకుని వాళ్ళకి తెలీదూ, వంటింటి కిటికీలోంచి నీకు తెలిసిందీ!" మళ్ళీ అదే నవ్వు.

ఆమె పెరట్లోకి వెళ్ళి, తన చిన్న ఫోన్లోంచి కంట్రోల్ రూముకి చేసింది. ఎత్తింది ఎవరో అమ్మాయి. గొంతు లేతగా ఉంది.

"ఆరో నంబరు స్టేషన్ దగ్గర స్కేలు ఆరు దాటిందమ్మా. మెషిన్ తప్పు చూపిస్తోంది. సైరన్ వెయ్యండి."

"మీరెవరండీ?"

ఎవరు? పంతొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. "పరిశీలకుడి భార్యని" అంది.

"ఆయన్ని మాట్లాడమనండమ్మా. లిస్టులో ఉన్నవాళ్ళ దగ్గరనించే మేం తీసుకోవాలి. నా స్క్రీన్ మీద నాలుగు పన్నెండుంది, రెండు గంటల్నించీ నిలకడగా."

"ఇంత వానలో నది రెండు గంటలు నిలకడగా ఉంటుందా తల్లీ? నువ్వే ఆలోచించు!"

ఆ అమ్మాయి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "సార్‌కి చెబుతానమ్మా" అంది. అయిదు నిమిషాలకి ఇంట్లో భర్త ఫోన్ మోగింది. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులో తేనె ఒలుకుతోంది. "గుడ్ మాణింగ్ సార్... అబ్బే, లేద్సార్... మా ఆవిడా సార్? కాస్త కంగారు మనిషి సార్, వానంటే భయం... మెషిన్ చూపిస్తున్నదే కరెక్టు సార్. నేను చూసే చెబుతున్నాను."

ఫోన్ పెట్టేసి ఆయన ఆమె వైపు తిరిగాడు. కోపంగా ఏమన్నా అంటాడనుకుంది. ఆ ముఖంలో ఉన్నది భయం. ఆ భయాన్ని చూశాకే ఆమెకి అర్థమైంది, ఈ మనిషి ఇక నోరు విప్పడని. కాళ్ళు పట్టుకున్నా విప్పడు.

పెరట్లోకి మళ్ళీ వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేసింది. "ఒక్క ప్రశ్న కూడా అడక్కు. నీ వీధిలో వాళ్ళందర్నీ లేపుకుని ఎత్తు మీదున్న బడిలోకి వెళ్ళిపో. ఇప్పుడే."

"సైరన్ మోగలేదే అక్కా?"

"మోగదే. నేను చెబుతున్నాను."

"అయితే చాలు" అంది చెల్లెలు. ప్రపంచంలో ఒక్క మనిషికి ఆమె మాట చాలింది.

ఇక మిగిలింది మెషిన్. తన మాట ఎవరూ వినరు, మెషిన్ మాటైతే అందరూ వింటారు. సరే, దాని చేతే చెప్పిస్తాననుకుంది. కొంగు బిగించి స్టేషన్ పైకెక్కింది. పైపు కడగడానికి అక్కడ పెట్టిన పీపాలో వాననీళ్ళు నిండి ఉన్నాయి. చేతిపంపు గొట్టం తగిలించి కొట్టడం మొదలుపెట్టింది. ఏడు వారాల ఒండ్రు. రాయిలా బిగుసుకుపోయింది. పంపు కొడుతుంటే ఆమె తన్ను తానే తిట్టుకుంది: ఒక్క గంట తీరిక చేసుకోలేకపోయావా? ముసలావిడ ఒక్క గంట ఏడిస్తే ఏం పోయేది? అన్నం ఆలస్యమైతే ఏం పోయేది? వెంటనే ఇంకో గొంతు లేచేది: ఇది నా పనా? ఎవరిచ్చారు నాకీ పని? నాది కానప్పుడు తప్పు నాదెలా అవుతుంది? కాదంటే మరి ఎందుకిలా గుండె అవిసిపోతోంది? అరచేతుల్లో బొబ్బలు లేచి చితికిపోయాయి. పీపా ఖాళీ అయింది. బిందెతో తోడి మళ్ళీ నింపింది. ఇంట్లోంచి అత్తగారు "ఒసేయ్... ఎక్కడున్నావే..." అని పిలుస్తున్న గొంతు హోరులో సన్నగా వినిపిస్తూనే ఉంది. స్కేలు మీద నీళ్ళు ఆరు ఎనభై. పెట్టెలో నాలుగు పన్నెండు.

ఎనిమిదిన్నర దాటాక చెల్లెలు ఫోన్ చేసింది. ఒగరుస్తోంది. "అక్కా, మా వీధి మొత్తం ఖాళీ. బడిలో ఉన్నాం. వెనక వీధివాళ్ళే కదలట్లేదు. నిజమైతే సైరన్ మోగేది కదా, నీకెవరు చెప్పారు అంటున్నారు. మా అక్క చెప్పిందంటే నవ్వుతున్నారు. ఇంకోసారి వెళ్ళి చెప్పొస్తాను."

"వద్దే. టైము లేదు."

"బాలింత ఉందక్కా అక్కడ. పదిహేను రోజుల పిల్ల. అయిదు నిమిషాలు, వెళ్ళి లాక్కొచ్చేస్తాను."

"నా మాట విను!"

"నీ మాట విన్నాను కాబట్టే వెళ్తున్నా" అని పెట్టేసింది.

ఆమె పంపు మీద పడింది. చేతులతో కాదు, ఒళ్ళంతటితో. ఎనిమిదీ యాభైకి అడుగున ఎక్కడో గుడగుడమని చప్పుడయింది, గొట్టంలోకి నీళ్ళు దూకాయి. లోపల బుర్ర ఒక్క ఎగురున పైకి లేచింది. అంకెలు గిర్రున తిరిగి, ఆరు మీటర్ల తొంభై దగ్గర నిలిచాయి. ఆ అంకె గాలిలో పోయింది. పన్నెండు కిలోమీటర్ల అవతల సైరన్ మోగింది. ఆ మోత ఆమెకి వినబడదు. చెల్లెలి నంబరు నొక్కింది. మోగుతోంది, ఎత్తట్లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. తర్వాత మోగడం కూడా ఆగిపోయింది.

బురదలో, రక్తం కారే చేతులతో ఇంటికొచ్చేసరికి భర్త వసారాలో నించుని ఉన్నాడు. "ఎక్కడికెళ్ళావు? మూడు గంటల్నించీ అమ్మ ఆ తడిలోనే ఉంది" అన్నాడు.

ఆమె లోపలికెళ్ళి పక్క మార్చింది.

పదకొండుమంది పోయారు. సైరన్ మోగాక పరుగెత్తి మేడలెక్కి బతికినవాళ్ళు వందల్లో ఉన్నారు. బాలింత బతికింది, పిల్లా బతికింది. చెల్లెలు పిల్లని గోడ మీంచి పై అంతస్తు వాళ్ళకి అందించి, తల్లి చెయ్యి పట్టుకుని పైకి తోసి, తనెక్కబోయే లోపల గోడ కూలిందట. ఆ బాలింతే చెప్పింది, ఆమెని పట్టుకుని ఏడుస్తూ. చెల్లెల్ని రెండో రోజు చూపించారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు ఇంకా వేలికే ఉంది. ఆమెకి ఏడుపు రాలేదు. లోపల గడ్డకట్టిన ఒండ్రు ఏదో అడ్డం పడిపోయి, కన్నీళ్ళు ఇవతలికి వచ్చే దారి పూడిపోయింది. వంట చేసింది, అత్తగారిని తుడిచింది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పింది. మధ్యమధ్యలో కిటికీ దగ్గరికి వెళ్ళేది. నది రెండు మీటర్ల ఇరవైకి దిగి, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

వారానికి శాఖవాళ్ళ తొలి నివేదిక పేపర్లో వచ్చింది. భర్త చదివి వినిపించాడు: "ఎనిమిదీ యాభై నిమిషాలకి యంత్రం దానంతటదే సరైంది." ఆమె తన అరచేతులకేసి చూసుకుంది. పొక్కులు ఊడి కొత్తచర్మం పుడుతోంది.

విచారణకి పిలుపొచ్చింది, ఇద్దరికీ. దాని ముందురోజు మధ్యాహ్నం భర్త ఆమె పక్కన కూర్చున్నాడు. అన్నం వడ్డించుకోనిచ్చి మరీ మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా ఆయన ఎన్నడూ మాట్లాడలేదు.

"ఇంజనీరు గారితో మాట్లాడాను. ఆయనకీ పీకల మీదికొచ్చింది. దారి ఒక్కటే ఉంది. ఆ పూట అమ్మకి బాగోలేక నేను లోపల ఉన్నాను, స్కేలు చూడమని నీకు అప్పజెప్పాను. నీకు సరిగ్గా చదవడం రాదు. అయిదన్నావు, ఆరన్నావు. అందుకని మెషిన్‌నే నమ్మాను. నువ్వు ఒక్క మాట, 'నాకు సరిగ్గా చదవడం రాదు సార్' అంటే చాలు. ఆడమనిషివి, నిన్నెవరూ ఏమీ అనరు. జాలిపడతారు."

ఆమె ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన ఈ పని నీదే అంటున్నాడు. అప్పజెప్పాను అంటున్నాడు. పేరొచ్చినన్నాళ్ళూ తనది కాని పని, శవాలు తేలాక తనదయింది. అదీ రాని పనిగా.

"అలా చూడకు. నా ఉద్యోగం పోతే ఈ ఇల్లు పోతుంది. మంచంలో ఉన్న మనిషిని వేసుకుని ఎక్కడికి పోతాం? పోయిన మనిషి నువ్వేం చెప్పినా తిరిగి రాదు. ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

ఆయన వెళ్ళాక పక్కగదిలోంచి అత్తగారు పిలిచింది. ఆమె దగ్గరికెళితే చెయ్యి పట్టుకుంది. ముసలి చెయ్యి చల్లగా ఉంది. "వాడు ఫోన్లో అన్న మాటలు నేనూ విన్నానే" అంది. "నువ్వు ఆ గొట్టం దగ్గర పడ్డ పాటూ తెలుసు. నా పక్క తడిగా ఉన్నా ఆ రోజు ఎందుకో నిన్ను తిట్టుకోలేదు. కానీ ఎవరన్నా వచ్చి నన్నడిగితే మాత్రం చెప్పను తల్లీ. కన్నకడుపు. చెప్పలేను." మళ్ళీ తనే, "నువ్వు నన్ను వదిలేసి పోతావా?" అంది. ఆమెకి అబద్ధమాడబుద్ధి కాలేదు. "తెలీదత్తయ్యా" అంది.

మర్నాడు పదకొండింటికి శాఖ ఆఫీసులో, రెండో అంతస్తులో పొడుగాటి బల్ల. ఒక చివర విచారణ అధికారి, తల నెరిసిన మనిషి. పక్కన టైపు చేసే ఆవిడ. గోడవారన కుర్చీల్లో ఇంజనీరు, ఇంకెవరెవరో. కంట్రోల్ రూము అమ్మాయిని ఆమె గొంతుని బట్టే గుర్తుపట్టింది. పాతికేళ్ళు కూడా ఉండవు. లేచి నించుని, చేతిలో కాగితం చూసి చదివింది. "ఆరూ యాభై రెండుకి ఫోను. ఒక ఆడమనిషి. స్కేలు ఆరు దాటిందని చెప్పింది. లిస్టులో లేరు. పై అధికారికి చెప్పాం. పరిశీలకుడికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఇబ్బందేమీ లేదన్నారు." చదివి కూర్చుంది. తల ఎత్తలేదు.

తర్వాత భర్త. అనుకున్నట్టే చెప్పాడు, తడబడకుండా. అప్పజెప్పాను సార్. ఆవిడకి అంతగా తెలీదు సార్. తప్పు నాదే సార్, తెలియని మనిషికి చెప్పడం. ఇంజనీరు తృప్తిగా తలాడించాడు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. చంటిపిల్లతో మాట్లాడినట్టు మెత్తగా అడిగాడు. "ఏమ్మా, నీకు స్కేలు చదవడం వచ్చా?"

రాదంటే చాలు. అందరూ ఇళ్ళకి పోతారు. ఆ మెత్తదనం వెనకాల తన కోసం ఒక దారి తెరిచి పెట్టి ఉంది, తలవంచుకుని వెళ్ళిపోవడమే. ఇల్లుంటుంది. వంటింటి కిటికీ ఉంటుంది. ముసలావిడ ఒళ్ళు తుడవడానికి ఒక గది ఉంటుంది. వచ్చంటే? పైపు ఎందుకు కడగలేదని తననే అడగొచ్చు. అడగనీ. ఆ ఏడు వారాలూ తన గుండె మీదే ఉన్నాయి, ఎవరడిగినా అడక్కపోయినా దిగవు. కానీ రాదని చెబితే ఆ పొద్దున్న ఆరు మీటర్ల పది ఉన్నట్టు లోకంలో ఎవరికీ తెలియదు. చెల్లెలు ఎవరి మాట నమ్మి వెళ్ళిందో తెలియదు. ఏమీ తెలియని ఒక ఆడమనిషి కంగారు చూసి పరుగెత్తి చచ్చిపోయిన ఇంకో ఆడమనిషిగా అది మిగిలిపోతుంది.

"వచ్చు సార్" అంది.

భర్త చటుక్కున తలెత్తాడు. ఆమె అటు చూడలేదు.

"ఆరు గంటలకి అయిదు మీటర్ల ఎనభై. ఆరున్నరకి ఆరు మీటర్ల పది. ఏడుంబావుకి ఆరు ముప్ఫై అయిదు. ఆ మధ్యలో మా ఆయనకి ఫోనొచ్చింది, నేను గుమ్మంలోనే ఉన్నాను. ఎనిమిదింటికి ఆరు అరవై ఆరు. ఎనిమిదీ యాభైకి ఆరు తొంభై. అది దానంతటది సరికాలేదు సార్. పైపు నేను కడిగాను."

కంట్రోల్ రూము అమ్మాయి ఇప్పుడు తలెత్తి ఆమెనే చూస్తోంది, కళ్ళనిండా నీళ్ళతో. టైపు చేసే ఆవిడ చెయ్యెత్తింది. "కొంచెం ఆగండమ్మా. నెమ్మదిగా చెప్పండి, ఒక్క అంకె కూడా పోకూడదు."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి గొంతులో ఆ మెత్తదనం లేదు. "మీరు మొదట్నించీ చెప్పండి" అన్నాడు.

"ఆ పొద్దుటి నుంచా సార్?"

"ఎక్కణ్ణించి మొదలైతే అక్కణ్ణించి."

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

"పంతొమ్మిదేళ్ళ కిందట సార్. మా పెళ్ళయిన నాలుగో నెల. ఆ పొద్దున మా ఆయన నిద్ర లేవలేదు, నేను వెళ్ళి చూసొచ్చాను."